మా ఆవిడ నవ్వింది

మార్చి 3

ఆవిడకు జబ్బేమీ లేదు. ముందు ఈ ముక్క రాసి పెట్టుకుంటే తర్వాత నాకు నిబ్బరంగా ఉంటుంది. చెల్లెలు పోయింది, దిగులు పడింది, ఆ దిగులు ముదిరి మంచానికి అతుక్కుపోయింది. దీన్ని కూడా జబ్బంటే ఇక లోకంలో ఆరోగ్యవంతుడెవడు?

నేను సర్వీసంతా స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ణి. కడుపునొప్పి సార్, కళ్ళు తిరుగుతున్నాయి సార్, బూట్లు కరుస్తున్నాయి సార్ అంటూ వచ్చేవాళ్ళు. నేను వినని సాకు లేదు. గ్రౌండు చుట్టూ పరిగెత్తిస్తే ఆ రోగాలన్నీ అక్కడే రాలిపోయేవి. ఒంటికి కదలిక, మనసుకు మంచి ఆలోచన, ఆత్మకు కాస్త నిశ్శబ్దం. ఈ మూడూ సమంగా నడిస్తే మనిషికి డాక్టరుతో పనే లేదు. అందుకు నేనే సాక్ష్యం. ఈ వయసులోనూ మెట్లెక్కితే ఆయాసం రాదు. మోకాలి సంగతి వేరు.

ఆ డాక్టరు కుర్రాడు. కుర్చీలో వెన్ను వంచుకుని కూచుంటాడు. నిటారుగా కూచోవడం రానివాడు నాకు ఆరోగ్యం గురించి చెబుతాడట! మెదడులో ఏవో తగ్గాయన్నాడు, మాత్రలు రాశాడు. అప్పట్నుంచీ ఆవిడ నోరెండిపోతోందంటుంది, పొద్దున లేవదు. ఇవాళ ఆ మాత్రల డబ్బా తీసి అటక మీద పాత షటిల్ బ్యాట్ల వెనక పెట్టేశాను.

పడుకునే ముందు ఎప్పటిలాగే మంచినీళ్ళ గ్లాసు ఇచ్చాను. ఆవిడ రెండో చెయ్యి కూడా చాపింది. ఖాళీ అరచేతిని కాసేపు చూసుకుని, నీళ్ళు తాగి, గోడవైపు తిరిగి పడుకుంది. అడగలేదు. నిజంగా అవసరమైతే అడగదా?

మార్చి 6

వంటింటి గోడకు టైమ్‌టేబుల్ అంటించాను. ఎర్ర ఇంకుతో ఒంటికి, నీలం ఇంకుతో మనసుకు, ఆకుపచ్చతో ఆత్మకు. నడక, వ్యాయామం, ఉడికించిన కూరలు, మంచి పుస్తకం, మౌనం, పెందలాడే నిద్ర. పగలు పడుకోవడం లేదు. అది మాత్రం రెండు గీతలు గీసి రాశాను.

ఆవిడ దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"గంట ఎవరు కొడతారండీ?" అంది.

ఎన్నాళ్ళయింది ఆ నోట్లోంచి వేళాకోళం విని! పక్కింటికి వినపడేలా నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నిజంగానే అడిగిందేమో.

మరదలి ఫోటో గోడమీంచి తీసి దుప్పట్ల కింద పెట్టాను. ఎదురుగా పెట్టుకుని కూచుంటే పుండు ఎలా మానుతుంది?

మార్చి 7

బాగుంది. గుడ్డు సగం తిన్నది.

మార్చి 9

అమ్మాయి ఫోన్ చేసింది. దాని ఊరికి రైల్లో ఒక పూట ప్రయాణం, అయినా గదిలో ఉన్నట్టే ఆరా తీస్తుంది.

"నాన్నా, అమ్మ మందులు వేసుకుంటోందా?"

"ఆఁ."

"ఆఁ అంటే?"

"ఆఁ అంటే ఆఁ. నువ్వేమన్నా వకీలువా, నన్ను బోనెక్కించడానికి?"

"అది కాదు నాన్నా. మధ్యలో ఆపకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఒక్కసారిగా ఆపేస్తే ఇంకా కుంగిపోతారట. ఒకసారి అమ్మకివ్వు."

"పడుకుంది."

"ఈ టైములోనా?"

"నిన్ను నేనే పెంచానమ్మా. మీ అమ్మ సంగతి కూడా నేను చూసుకోగలను. నువ్వు నిశ్చింతగా ఉండు."

అబద్ధమేమీ ఆడలేదు. మందంటే మాత్రే అని ఎక్కడుంది? నడక మందు కాదా? నవ్వు మందు కాదా?

పడుకుందన్నది మాత్రం నిజం కాదు. వంటింట్లో పొయ్యి ముందు నిలబడి ఉంది. పొయ్యి వెలిగించలేదు.

మార్చి 12

మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్ళీ వెళ్ళి హాల్లో ఆ పాత ఫోను పక్కన కూచుంది. రోజూ అదే. ఆ వేళకి చెల్లెలు ఫోన్ చేసేది. ఇద్దరూ గంటలు గంటలు ఏం మాట్లాడుకునేవాళ్ళో ఆ వైరుకే తెలియాలి. జనవరిలో ఆ రోజు కూడా ఆవిడ ఇలాగే కూచుని ఎదురుచూసింది. ఎంతకీ మోగలేదు. చివరికి మోగితే అది వేరేవాళ్ళు. నిద్రలోనే పోయిందన్నారు.

ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. చెవికి ఆ హెడ్‌సెట్ తగిలించుకుని రోజంతా జనాన్ని జనంతో కలిపేది. పెళ్ళి కబుర్లు, చావు కబుర్లు, అన్నీ ఆ చెవిలోంచే పోయేవి. అవతలివాళ్ళు కంగారుపడితే "లైన్లోనే ఉన్నానండీ" అని మెత్తగా చెప్పేదట. పెళ్ళయిన కొత్తలో నేను ఆ మాట వినడానికే స్కూల్లోంచి ఊరికే ఫోన్ చేసేవాణ్ణి.

"ఏం చేస్తున్నావక్కడ?" అన్నాను.

"ఊరికే."

"టైమ్‌టేబుల్లో ఇప్పుడు మంచి పుస్తకం."

లేచి వెళ్ళి పుస్తకం తెచ్చుకుంది. మళ్ళీ అక్కడే కూచుంది. పేజీ తిప్పడం నేను చూడలేదు.

మా మరదలు నన్ను చూస్తే చాలు, "బావగారూ, ఈల ఎక్కడ? మింగేశారా?" అనేది. గదిలోకి అడుగు పెట్టగానే అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టేది. ఆ పిల్ల సంగతులు రాయడానికి కాదు ఈ పుస్తకం. పోయినవాళ్ళతో మనమూ పోతామా?

మార్చి 15

నడకకు తీసుకెళ్ళాను. నేను ముందు, ఆవిడ వెనక. వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా దూరం పెరుగుతోంది. సందు చివర కుట్టు షాపు ముందు ఆగిపోయింది. ఆ షాపావిడ పార్కులో నేను నడిపే నవ్వుల సంఘంలో సభ్యురాలు. మమ్మల్ని చూసి మిషను ఆపి బయటికొచ్చింది.

"అన్నయ్యగారూ, వదినగారి భుజాలు చూశారా? పోయిన ఏడాది నేను కుట్టిన బట్టలే, ఎవరివో అడిగి తొడుక్కున్నట్టున్నాయి."

"బరువు తగ్గింది. మంచిదే కదమ్మా."

"ఇది మంచి తగ్గడంలా లేదండీ."

నోట్లో సూదులు పెట్టుకుని మాట్లాడుతుంది కాబట్టి ఆవిడ మాటలు కూడా అలాగే ఉంటాయి. "పదండి, పదండి" అని నడిపించుకొచ్చాను. ఇంటికొచ్చాక మా ఆవిడను అద్దం ముందు నిలబెట్టి చూపించాను. "ఎంత నాజూకుగా ఉన్నావో చూడు" అన్నాను. అద్దంలో ఆవిడ నన్ను చూసింది. తనను చూసుకోలేదు.

మార్చి 17

నిద్ర లేదు ఆవిడకు. నాకు కూడా.

మార్చి 18

ఇవాళ పార్కుకు తీసుకెళ్ళాను. సంఘం నేను పెట్టిందే. పొద్దున్నే గుండ్రంగా నిలబడతాం. నేను ఈల ఊదుతాను, చేతులెత్తి మొదట నేను నవ్వుతాను, నా వెనక అందరూ. నవ్వు రాకపోతే తెచ్చుకుని నవ్వాలి. కాసేపటికి అదే వచ్చేస్తుంది. రిటైరైన క్యాషియరు ఒకాయన ఉన్నాడు, బ్యాంకాయన అంటాం. మొదట్లో ఎన్నాళ్ళో బిగుసుకుని నిలబడేవాడు. ఒకరోజు కుక్క వచ్చి ఆయన టోపీ ఎత్తుకుపోతే ఆపుకోలేక నవ్వాడు. అప్పుడు మా ఆచారం ప్రకారం అందరూ చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు, నేను ఈల ఊదాను. ఎవరికైనా మొదటిసారి నవ్వు దానంతటది వస్తే అలా చేస్తాం. ఆ రోజుతో ఆ మనిషి గట్టెక్కినట్టే లెక్క.

శనివారాలు ఇంకొకటి ఉంది. ఒక్కొక్కరూ మధ్యలోకి వచ్చి తమ బాధ ఒకటి చెప్పాలి. చెప్పగానే అందరూ నవ్వాలి. కోడలు మాట్లాడటం లేదంటే నవ్వు, పన్ను పీకించుకున్నానంటే నవ్వు. బాధను నలుగురిలో పెట్టి నవ్వేస్తే దాని కోరలు ఊడిపోతాయి. ఈ పద్ధతి నేనే కనిపెట్టాను. ఎక్కడా చదివింది కాదు.

ఆవిడ గుండ్రంలో నిలబడింది. చేతులెత్తమంటే ఎత్తింది. దింపమనడం మర్చిపోతే దింపలేదు. నవ్వలేదు. డ్రిల్లు మాస్టారి భార్య బిగుసుకుని నిలబడితే నా మాట ఎవరు వింటారు? తలకొట్టేసినట్టయింది.

"కంగారేముంది మాస్టారూ, చెల్లెమ్మగారికి కూడా ఏదో ఒక కుక్క దొరక్కపోదు" అన్నాడు బ్యాంకాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మార్చి 22

నవ్వింది!

మా ఆవిడ నవ్వింది!  వివరంగా రాయాలి, తర్వాత చదువుకోవాలి.

శనివారం కదా. అందరూ వంతుగా మధ్యలోకి వచ్చి బాధలు చెప్పారు. నేను ఆవిడ భుజం పట్టుకుని మెల్లగా మధ్యలోకి నడిపించాను. "చెప్పు. ఏదో ఒకటి. చిన్నదైనా సరే" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది, తర్వాత అందరినీ ఒక్కొక్కరినీ చూసింది. 

"మా చెల్లెలు పోయింది" అంది.

ఎవరూ నవ్వలేదు. బ్యాంకాయన నా వైపు చూశాడు. పద్ధతి అంటే పద్ధతే. ఒకరికి మినహాయింపు ఇస్తే రేపు అందరూ అడుగుతారు. చిన్న బాధలకు పనిచేసేది పెద్దవాటికి ఎందుకు పనిచేయదు? నేను ఈల ఊది చేతులెత్తి నవ్వాను. అప్పుడు అందరూ నవ్వారు. ఎంత బాగా నవ్వారంటే చెట్ల మీది పక్షులు ఎగిరిపోయాయి.

ముందు ఆవిడ భుజాలు కదిలాయి. తర్వాత ఒళ్ళంతా. రెండు చేతులతో మొహం కప్పుకుంది. గొంతులోంచి హు, హు అని ఏదో మొదలై పెద్దదైంది. నిలబడలేక గడ్డిలో కూలబడిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు, ముక్కులోంచి నీళ్ళు. కళ్ళలో నీళ్ళొచ్చేంత నవ్వు! నా సంఘంలో ఇంతవరకు ఎవరూ అలా నవ్వలేదు. "మొదటి నవ్వు! మొదటి నవ్వు!" అని అరిచాడు బ్యాంకాయన. అందరూ చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. నేను ఊపిరి ఉన్నంతసేపూ ఈల ఊదాను.

కుట్టు షాపావిడ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. పైగా గుండ్రంలోకి దూరి మా ఆవిడను పట్టుకుని లేపబోయింది. కొంతమందికి ఎదుటివాళ్ళ సంతోషం చూస్తే ఓర్వలేనితనం.

ఇంటికి రాగానే అమ్మాయికి ఫోన్ చేశాను. "మీ అమ్మ నవ్విందే!" అన్నాను.  "నిజంగానా నాన్నా?" అంది. నాచేత రెండుసార్లు చెప్పించుకుంది. 

మార్చి 23

లేవలేదు. నవ్వి నవ్వి కండరాలు పట్టేసి ఉంటాయి. మొదటిసారి ఎవరికైనా అంతే. విశ్రాంతి తీసుకోనిచ్చాను.

మార్చి 24

లేవలేదు. టీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టాను. అదీ చల్లారిపోయింది.

మార్చి 25

ఆవిడకు జబ్బేమీ లేదు.

మార్చి 26

సాయంత్రం తనంతట తనే లేచి స్నానం చేసింది. తల దువ్వుకుంది. దుప్పట్లు మడత పెట్టింది, వంటింట్లో గిన్నెలన్నీ తోమి బోర్లించింది. నాకు టీ పెట్టి ఇచ్చింది. "మీ మోకాలికి నూనె రాసుకోవడం మానకండి" అంది. ఎంత ప్రశాంతంగా ఉందో! అటక మీది డబ్బా రేపు చెత్తలో పడేస్తాను. చూడు డాక్టరూ, చూడు.

మార్చి 27

రాయాలి. రాయకపోతే రేపు దీన్ని కూడా ఇంకోలా తిప్పేసుకుంటాను.

రాత్రి భోజనమయ్యాక మౌనంలో కూచున్నాను, టైమ్‌టేబుల్ ప్రకారం. కళ్ళు తెరిచేసరికి ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. హాల్లో ఫోను పక్కన కుర్చీ ఖాళీ. రిసీవరు తీసి కింద పెట్టి ఉంది. వీధి తలుపు తెరిచి ఉంది. పేరు పెట్టి పిలిచాను. పెరట్లో చూశాను, మేడ మీద చూశాను.  చెప్పులు లేకుండా వీధిలోకి పరిగెత్తాను. మోకాలు మాట వినలేదు.

అప్పుడు జేబులో ఫోను మోగింది. కుట్టు షాపావిడ.

"అన్నయ్యగారూ, వదినగారు నా దగ్గరే ఉన్నారు. నేను చెయ్యి పట్టుకునే ఉన్నాను. మీరు కంగారు పడకుండా కాలువ వంతెన దగ్గరికి రండి."

కుట్టిన బట్టలు ఎవరింట్లోనో ఇచ్చి వస్తూ చూసిందట. నేను వెళ్ళేసరికి ఇద్దరూ వంతెన అంచున మెట్టు మీద కూచుని ఉన్నారు. ఇనుప కడ్డీల దగ్గర ఆవిడ చెప్పులు. విసిరేసినట్టు కాదు, గుమ్మం ముందు విడిచినట్టు, పక్కపక్కన, సమంగా. వాటిని చూశాక నాకిక అడగడానికి ఏమీ మిగల్లేదు. అయినా అడిగాను.

"ఏమిటే ఇది?"

ఆవిడ నీళ్ళనే చూస్తోంది.

"ఆ రోజు నేను నవ్వలేదండీ."

"ఏ రోజు?"

"చప్పట్లు కొట్టారే, ఆ రోజు. ఏడ్చాను." గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "చెల్లెలు పోయాక నాకసలు ఏడుపే రాలేదు. మొద్దులా అయిపోయాను. అదే మొదటిసారి రావడం. మీరు ఈల ఊదారు."

కుట్టు షాపావిడ మొహం అటు తిప్పుకుంది.

"అంతమంది మధ్య గొంతెత్తి ఏడిస్తేనే ఎవరికీ వినపడలేదు. ఇంకేం మాట్లాడినా ఎవరికి వినపడుతుంది అనిపించింది. అవతల ఎవరూ లేని లైనులో ఎంతసేపని ఉంటాను చెప్పండి?"

  వంగి ఆ చెప్పులు తీసుకుని ఆవిడ కాళ్ళకు తొడిగాను. పాదాలు ఐసులా ఉన్నాయి. ముగ్గురం నడుచుకుంటూ వచ్చాం. ఈసారి నేను ముందు నడవలేదు.

మార్చి 28

అమ్మాయి వచ్చింది. అందరం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. గది చిన్నది, ఫ్యాను కిర్రుమంటోంది. నేను తలుపు పక్క కుర్చీలో కూచున్నాను.

"మాత్రలు ఎప్పుడాగాయమ్మా?" అని అడిగాడు.

"నేనే మర్చిపోయానండీ" అంది ఆవిడ. నా వైపు చూడను కూడా లేదు. అంత పాతాళంలో ఉండి కూడా నా పరువు కాపాడుతోంది.

ఊరుకుంటే సరిపోయేది. నిజంగా ఊరుకుందామనే అనుకున్నాను. ఆ మాట రాయకపోతే ఈ పుస్తకం దండగ. తర్వాత నా నోరు దానంతటది తెరుచుకుంది.

"ఆవిడ మర్చిపోలేదు డాక్టరుగారూ. నేను తీసి దాచాను. అటక మీద ఉన్నాయి."

అమ్మాయి నన్ను చూసిన చూపు చచ్చేదాకా మర్చిపోను. డాక్టరు తిడతాడనుకున్నాను, తిట్టలేదు. మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాలన్నాడు. పని చేయడానికి వారాలు పడుతుందని, అంతవరకు ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దని, మాత్రలు అమ్మాయి చేతిలోనే ఉండాలని చెప్పాడు. మళ్ళీ ఆ ఆలోచన వస్తే ఏ వేళైనా నేరుగా ఆసుపత్రికి తీసుకురమ్మన్నాడు. "నడక కూడా మంచిదే మాస్టారూ. కాకపోతే ఆవిడ నడిచినంత" అన్నాడు. తర్వాత ఆవిడను ఏదో అడిగాడు. ఆవిడ గొంతు చాలా సన్నగా ఉంది, నాకు వినపడలేదు. అతను ఇంకా ముందుకి వంగాడు. అతని వెన్ను ఎందుకు వంగిపోయిందో అప్పుడర్థమైంది.

మార్చి 30

టైమ్‌టేబుల్ అమ్మాయి చింపేసింది. అడ్డు చెప్పలేదు. గోడ మీద జిగురు మచ్చలు ఉండిపోయాయి.

నాతో మాట్లాడటం లేదు. "నాన్నా, జరుగు", "నాన్నా, తిను". అంతే. దాని జాగాలో నేనుంటే ఆ రెండు ముక్కలు కూడా మాట్లాడేవాణ్ణి కాదు.

మరదలి ఫోటో దుప్పట్ల కింద నుంచి తీసి తుడిచి మళ్ళీ గోడకు తగిలించాను. ఆవిడ చూసింది. ఫోటోలో ఆ పిల్ల మొహంలో అదే అల్లరి, ఇప్పుడే సెల్యూట్ కొట్టేలా ఉంది. వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఏప్రిల్ 2

ఆవిడ అలాగే ఉంది. ఇప్పుడు చూస్తున్నాను కాబట్టి ఇన్నాళ్ళూ ఎలా ఉందో కూడా తెలుస్తోంది. దువ్వెన పట్టుకుని, దాంతో ఏం చేయాలో మర్చిపోయినట్టు కూచుంటుంది. బద్ధకం అన్నాను దీన్ని. నాజూకు అన్నాను. ఎంత గుడ్డివాణ్ణి!

ఏప్రిల్ 5

ఇవాళ పార్కుకు వెళ్ళాను, ఈల తీసుకెళ్ళలేదు. ఆవిడ నిద్రపోతోంది, పక్కన అమ్మాయి ఉంది. అందరికీ నిజం చెప్పాలనుకున్నాను. ఆవిడ పేరు మీద వాళ్ళ నోళ్ళలో ఆ 'మొదటి నవ్వు' ఇంకా ఉంది. దాన్ని తీసేయకపోతే నాకు అన్నం దిగేలా లేదు.

"రండి మాస్టారూ, రండి! చెల్లెమ్మగారేరీ?" అన్నాడు బ్యాంకాయన. అప్పటికే గుండ్రంగా నిలబడ్డారు. శనివారం. నాకు గుర్తే లేదు. నేను మధ్యలోకి నడిచి నిలబడ్డాను.

"ఆ రోజు మా ఆవిడ నవ్వలేదు" అన్నాను. "ఏడ్చింది. నేను ఈల ఊదాను."

 అందరూ నవ్వారు.

వాళ్ళ తప్పేముంది? మధ్యలోకి వచ్చి బాధ చెబితే నవ్వాలి. నేను నేర్పిందే. ఎంత బాగా నేర్చుకున్నారు! చేతులెత్తి, పొట్టలు పట్టుకుని, మనస్ఫూర్తిగా, నా బరువు దించాలనే నవ్వారు. "కాదు, నిజంగా చెబుతున్నాను, చనిపోబోయింది" అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. కుట్టు షాపావిడ "ఆపండి! ఆపండయ్యా!" అని అరుస్తోంది. ఎవరికీ వినపడలేదు. ఆ గుండ్రం మధ్యలో నిలబడితే ఎలా ఉంటుందో నాకు తెలియాల్సిందే, తెలిసింది. వాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుని బయటికొచ్చాను.

గేటు దగ్గర బెంచీ మీద కూచుని ఇంటి ఫోనుకు చేశాను. ఎందుకు చేశానో తెలియదు. అమ్మాయి తీస్తుందనుకున్నాను. ఆవిడ ఎలా ఉందో అడిగి పెట్టేద్దామనుకున్నాను. చాలాసేపు మోగింది.

"హలో."

ఆవిడ. ఆ ఫోను మోగితే ఆవిడ ఎత్తడం జనవరి తర్వాత ఇదే మొదటిసారి.

నేను మాట్లాడదామనుకున్నాను.  మరదలు సెల్యూట్ కొట్టడం గుర్తొచ్చింది, ఆ చెప్పులు గుర్తొచ్చాయి, ఖాళీ అరచెయ్యి గుర్తొచ్చింది. గొంతులోంచి హు, హు అని ఏదో మొదలైంది. చేత్తో నోరు మూసుకున్నాను. భుజాలు ఆగడం లేదు. దూరంగా గుండ్రంలోంచి బ్యాంకాయన నన్ను చూసి చెయ్యి ఊపాడు. "భలే, మాస్టారూ! ఇంకా గట్టిగా!" అని అరిచాడు.

ఆవిడకు పసిగట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఏడుస్తున్నారా?" అంది.

"లేదు."

"నాకు తెలుస్తుందండీ."

ఈసారి నేను లేదనలేదు.  అటు నుంచి ఆ సన్నటి, నీరసపు గొంతు మళ్ళీ వినపడింది. ఎక్స్ఛేంజిలో ఎవరెవరికో చెప్పిన మాట, కొత్తలో నేను వినడానికి తహతహలాడిన మాట.

"పెట్టేయకండి. లైన్లోనే ఉన్నాను."